తెలుగు రానివారికి హెపటైటిస్ గురించి చెప్పడం ఎలా?

పెద్దపల్లి ఇటుక బట్టీల్లో పశ్చిమ ఒడిశా కూలీలు, హైదరాబాద్ శివార్లలో అపార్ట్‌మెంట్లు కట్టే బిహార్, జార్ఖండ్, బెంగాల్ కార్మికులు, ఏజెన్సీ మండలాల్లో కోయ, గోండి, సవర మాట్లాడే కుటుంబాలు. వీళ్ళందరికీ ప్రభుత్వ వైద్యంలో హెపటైటిస్ బి, సి పరీక్షలు ఉచితం, మందులూ ఉచితం. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం ఈ ఏర్పాటు చేసింది. వాళ్ళకు అందనిది మాట ఒక్కటే. రిపోర్టు ఇంగ్లిషులో ఉంటుంది, గోడమీది పోస్టరు తెలుగులో ఉంటుంది, నర్సు చెప్పేది సగం తెలుగు, సగం వచ్చీరాని హిందీ. చివరికి ఆ మనిషి తలాడించి వెళ్ళిపోతాడు. మందు రెండు నెలలు వేసుకుని ఆపేస్తాడు.

మీరు ఆశా కార్యకర్త కావచ్చు, నర్సు, ల్యాబ్ టెక్నీషియన్, మందుల షాపు నడిపేవారు, బట్టీ దగ్గర బడిలో పాఠాలు చెప్పే టీచరు కావచ్చు. వేరే భాష మాట్లాడే మనిషికి ఈ జబ్బు గురించి చెప్పాల్సిన పని మీ మీద పడితే, ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను. ఒక్క మాట ముందే చెబుతాను: ఇంటికి వెళ్ళి తాను ఏం చేయాలో అవతలి మనిషి తన నోటితో చెప్పగలిగేదాకా మీ పని పూర్తి కాలేదు. కింద చెప్పేదంతా అందుకోసమే.

ముందు తేల్చుకోవలసింది: ఏ హెపటైటిస్?

హెపటైటిస్ అంటే లివర్ వాపు. దానికి కారణమయ్యే ప్రధాన వైరస్‌లు ఐదు: ఏ, బి, సి, డి, ఇ. ఏ, ఇ రకాలు కలుషితమైన నీళ్ళు, తిండి ద్వారా వస్తాయి. చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గిపోతాయి. బి, సి రక్తం ద్వారా పాకుతాయి. బి అయితే కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు, లైంగిక సంబంధం ద్వారా కూడా వస్తుంది. ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండిపోయి లివర్‌ను గట్టిపరిచేవి, క్యాన్సర్ దాకా తీసుకెళ్ళేవి ఇవే. డి రకం హెపటైటిస్ బి ఉన్నవారికి మాత్రమే సోకుతుంది.

ఈ తేడా మీకు స్పష్టంగా లేకపోతే, ఎంత మంచి దుబాసీ (ఒకరి మాటను ఇంకొకరి భాషలో చెప్పే మనిషి) దొరికినా ఉపయోగం లేదు. ఎందుకంటే జనం నోట్లో వీటన్నిటికీ ఒకటే పేరు. మనం కామెర్లు అంటాం, హిందీవాళ్ళు పీలియా అంటారు, ఒడియాలో కామళ, బెంగాలీలో జండిస్, ఉర్దూలో యర్కాన్, తమిళంలో మంజళ్ కామాలై. కళ్ళు పచ్చబడితేనే జబ్బు, పచ్చదనం పోతే జబ్బు పోయినట్టు అన్న నమ్మకం ఈ పేర్లన్నిటి వెంటా నడుస్తుంది. హెపటైటిస్ బి, సి ఉన్న చాలామందికి ఏళ్ళ తరబడి కళ్ళు పచ్చబడవు, ఏ బాధా ఉండదు. 2022 నాటి లెక్కల ప్రకారం మన దేశంలో దాదాపు 2 కోట్ల 98 లక్షల మందికి హెపటైటిస్ బి, 55 లక్షల మందికి హెపటైటిస్ సి ఉన్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. వాళ్ళలో ఎక్కువమందికి తమకు ఆ వైరస్ ఉన్న సంగతే తెలియదు.

కాబట్టి మొదటి పని ఇది. “మీకు పీలియా ఉంది” అని ఎవరికీ చెప్పకండి. “హెపటైటిస్ బి” అన్న పేరు ఏ భాషలో మాట్లాడినా అలాగే ఉంచండి. రిపోర్టులో కనిపించేది ఆ పేరే, రేపు ఇంకో ఊళ్ళో ఇంకో డాక్టరు అడిగేదీ ఆ పేరే. ఆ పేరును నాలుగైదు సార్లు ఆ మనిషి చేత పలికించండి.

ఏ భాషో అడిగి తెలుసుకోండి

ఉత్తరాది మనిషి కనిపించగానే హిందీ ఎత్తుకోవడం మనకు అలవాటు. బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి బట్టీలకు వచ్చేవారు ఇంట్లో మాట్లాడేది సంబల్‌పురి. కటక్ వైపు ఒడియాలో అచ్చు వేసిన కరపత్రం వాళ్ళకు కొంత పరాయిగానే ఉంటుంది. జార్ఖండ్ నుంచి వచ్చినవారి ఇంటి భాష సంతాలీ కావచ్చు, బిహార్ వారిది భోజ్‌పురి, మైథిలి కావచ్చు. “మీ ఇంట్లో ఏ భాష మాట్లాడతారు? జబ్బు సంగతి ఏ భాషలో వింటే మీకు తేలిగ్గా ఉంటుంది?” అని అడగండి. రెండో ప్రశ్న కొంచెం మెల్లగా అడగాలి: “చదవడం ఏ భాషలో వచ్చు?” చదవడం రాదని చెప్పుకోవడానికి ఎవరికైనా మొహమాటంగా ఉంటుంది. “కాగితం ఇవ్వమంటారా, ఫోనులో మాట రికార్డు చేసి ఇవ్వమంటారా?” అని అడిగితే, ఆ మొహమాటం లేకుండానే మీకు జవాబు దొరుకుతుంది.

దుబాసీ ఎవరు?

ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి. అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

సాధారణంగా దుబాసీగా వచ్చేది కూలీలను తీసుకొచ్చిన ముఠా మేస్త్రీ. అతనికి రెండు భాషలూ వచ్చు, ఆస్పత్రికి ఆటోలో తీసుకొచ్చింది కూడా అతనే. కానీ ఆ కూలీ అడ్వాన్సు బాకీ ఉన్నది అతనికే, రేపు పనిలో ఉంచాలో వద్దో చెప్పేదీ అతనే. హెపటైటిస్ బి అని అతని చెవిన పడితే, సాయంత్రానికి బట్టీ అంతటికీ తెలుస్తుంది. విడిగా గిన్నె, విడిగా పడక, ఆపైన పని పోతుందేమోనన్న భయం. గల్ఫ్ మెడికల్‌లో ఈ పరీక్షలో పాజిటివ్ వచ్చి అన్‌ఫిట్ అనిపించుకున్న కొడుకులున్న జగిత్యాల, నిజామాబాద్ కుటుంబాలకు ఆ భయం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు.

పిల్లల చేత కూడా చెప్పించవద్దు. బడిలో తెలుగు నేర్చిన తొమ్మిదేళ్ళ పిల్ల చురుగ్గా మాట్లాడుతుంది, నిజమే. కానీ వాళ్ళమ్మకు లైంగిక సంబంధం గురించి, లివర్ క్యాన్సర్ గురించి ఆ పిల్ల నోటితో చెప్పించడం అన్యాయం. గర్భిణికి భర్త, అత్తగారు దుబాసీలైతే ఆమె తన ప్రశ్న ఒక్కటి కూడా అడగలేకపోతుంది.

మరెవరిని పిలవాలి? ఆ భాష తెలిసిన నర్సు, బట్టీ బడిలో ఒడియా చెప్పే టీచరు, వేరే ఊళ్ళో పనిచేసే ఆరోగ్య కార్యకర్త. మనిషి దొరకకపోతే ఫోను స్పీకరులో పెట్టి మాట్లాడించండి. అవతల ఉన్నవారికి రోగి పేరు, ఊరు చెప్పనవసరం లేదు కాబట్టి ఒక్కోసారి ఇదే మేలు. మొదలుపెట్టే ముందు దుబాసీకి మూడు సంగతులు చెప్పండి. నేను అన్నది అన్నట్టే చెప్పాలి, కలపకూడదు, తగ్గించకూడదు. రోగి అన్నది కూడా, మీకు తప్పనిపించినా సరే, నాకు అలాగే చెప్పాలి. ఇక్కడ విన్నది గది దాటకూడదు.

కూర్చున్నప్పుడు మీ చూపు రోగి మీద ఉండాలి, దుబాసీ మీద కాదు. ఒకటి రెండు వాక్యాలు చెప్పి ఆగండి. మీరు నాలుగు వాక్యాలు చెబితే దుబాసీ నాలుగు మాటల్లో తేల్చేశాడంటే, మూడు వాక్యాలు అతని దగ్గరే ఆగిపోయాయి. సిగ్గుపడకుండా మళ్ళీ మొదటి నుంచి చెప్పించండి.

ఈ అవసరం మన వాళ్ళకూ వస్తుంది. అమెరికా, ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రులకు అక్కడి డాక్టరు మాట అర్థం కాకపోతే, కొడుకో కోడలో మధ్యలో ఉండి చెప్పాల్సిన పని లేదు. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ దుబాసీ సేవ ఉంది. 131 450కి ఫోను చేసి “తెలుగు” అని చెప్పాలి. అమెరికాలో కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం నుంచి వచ్చిన బాధ్యత అది. అడగడం మన హక్కు. మన ఊళ్ళోకి వచ్చిన సంబల్‌పురి అమ్మాయికి కూడా ఇలాంటి ఏర్పాటు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. అది వచ్చేదాకా ఆ బరువు మీరూ నేనూ మోయాలి.

చెప్పవలసిన మాటలు

హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చినవారికి నేను చెప్పే వరుస ఇది. ఇలాగే చెప్పాలని లేదు కానీ, వాక్యాలు మాత్రం ఇంత చిన్నవిగా ఉండాలి.

మొదట చేత్తో చూపించండి. కుడివైపు పక్కటెముకల కింద అరచెయ్యి పెట్టి “లివర్ ఇక్కడ ఉంటుంది” అనండి. కాలేయం, యకృత్తు అంటే తెలుగువారికే తెలియకపోవచ్చు. లివర్ అన్న మాట మాత్రం చాలామంది విని ఉంటారు. రోగి చేత కూడా అక్కడే చెయ్యి పెట్టించండి.

తర్వాత: “మీ రక్తంలో హెపటైటిస్ బి అనే వైరస్ ఉంది. అది లివర్‌లో ఉంటుంది. ఇప్పుడు మీకు బాధ లేకపోవచ్చు. పట్టించుకోకపోతే చాలా ఏళ్ళకు లివర్ పాడవుతుంది. దీన్ని అదుపులో పెట్టే మందు ఉంది. అందరికీ మందు వెంటనే అవసరం ఉండదు, ఇంకొన్ని పరీక్షలు చేసి డాక్టరు చెబుతారు. మందు మొదలుపెడితే రోజూ వేసుకోవాలి, డాక్టరు చెప్పకుండా ఆపకూడదు.” ఆ చివరి వాక్యం రెండుసార్లు చెప్పండి. టెనోఫోవిర్ వంటి మందు అకస్మాత్తుగా ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి ప్రాణం మీదకు రావచ్చు.

రిపోర్టులో “రియాక్టివ్” అని ఉంటుంది. దాన్ని మందు పడక వచ్చే రియాక్షన్ అనుకునేవారున్నారు. పాజిటివ్ అంటే మంచిదే కదా అనుకునేవారూ ఉన్నారు. ఈ రెండు మాటలూ వదిలేసి “వైరస్ ఉంది”, “వైరస్ లేదు” అనండి.

ఆ తర్వాత ఎలా పాకుతుంది, ఎలా పాకదు అనేది చెప్పాలి. పాకనివి ముందు చెప్పండి. అప్పటికి ఆ మనిషి మనసులో మెదిలేది ఇంట్లోవాళ్ళ గురించిన దిగులే. కలిసి తింటే రాదు, ఒకే గ్లాసులో నీళ్ళు తాగితే రాదు, పిల్లను ఎత్తుకుంటే రాదు, దగ్గు తుమ్ముల వల్ల రాదు. ఇక పాకేవి: ఒకరి బ్లేడు, టూత్‌బ్రష్ మరొకరు వాడటం, ఒకరికి వాడిన సూదితోనే ఇంకొకరికి ఇంజెక్షన్ ఇవ్వడం, జాతరలో ఒకే సూదితో వరసగా పచ్చబొట్లు పొడవడం, కండోమ్ లేని లైంగిక సంబంధం. ఎండిన రక్తపు మరకలో కూడా ఈ వైరస్ కనీసం ఏడు రోజులు బతుకుతుంది, అందుకే బ్లేడు విషయం నొక్కి చెప్పాలి. ఇవి చెప్పేటప్పుడు బ్లేడు, బ్రష్షు, సిరంజి బొమ్మలు బల్లమీద పెట్టుకుంటే సగం పని అవే చేస్తాయి.

ఇంట్లోవారికి పరీక్ష చేయించి, వైరస్ లేనివారికి టీకా వేయించాలి. పెద్దవారికి మూడు డోసులు: ఇవాళ, నెలకు, ఆరు నెలలకు. ఈ రకం టీకాను జన్యు సాంకేతికతతో దేశంలో మొదట తయారుచేసింది 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్. అప్పటిదాకా విదేశీ ధరలకు అందని టీకా దానివల్లే సామాన్యుడి చేతికి వచ్చింది. మన ఊళ్ళో పుట్టిన టీకా మన ఊరికి కూలికొచ్చినవాడి బిడ్డకు అందకపోతే ఎలా?

హెపటైటిస్ సి అయితే మాట తేలిక. “మందు ఉంది, సాధారణంగా 12 వారాలు వేసుకోవాలి, నూటికి 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది, టీకా మాత్రం లేదు.” ఇది విన్నప్పుడు మనుషుల మొహం వెలిగిపోవడం చూస్తారు.

గర్భిణులకు

గర్భిణితో మాట్లాడేటప్పుడు మిగతావన్నీ పక్కన పెట్టి ఒక్క సంగతి మీద నిలబడండి. పుట్టిన 24 గంటల్లోపు బిడ్డకు హెపటైటిస్ బి టీకా పడాలి. తల్లికి వైరస్ ఉంటే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా ఇవ్వాలి. కాన్పు సమయంలో సోకిన శిశువుల్లో నూటికి తొంభై మందికి అది జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక సోకినవారిలో అలా ఉండిపోయేది నూటికి ఐదుగురి లోపే. అందుకే ఆ ఒక్క రోజుకు అంత విలువ. తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్ టీకా, హెపటైటిస్ బి టీకా అందులోనే కలిసి ఉంటుంది. చనుబాలు నిరభ్యంతరంగా ఇవ్వవచ్చు. వైరస్ ఎక్కువగా ఉంటే ఆఖరి నెలల్లో తల్లికి మందు ఇస్తారు.

వలస వచ్చిన ఆడవాళ్ళు కాన్పు గుడిసెలోనే కానిచ్చే ప్రమాదం ఉంది. కాబట్టి ఏ ఆస్పత్రిలో కాన్పు, రాత్రివేళ నొప్పులొస్తే ఎవరికి ఫోను చేయాలి, తల్లీబిడ్డల కార్డు ఎక్కడ పెట్టాలి అన్నవి ఆమె భాషలో ముందే ఖాయం చేసుకోండి. ఆస్పత్రికి రాగానే చూపించాల్సిన చీటీ ఒకటి రాసివ్వండి. అందులో డాక్టరు చదవాల్సిన విషయం ఇంగ్లిషులో ఉండాలి.

పసరు మందు సంగతి

వాళ్ళు ఇప్పటికే ఏం వాడుతున్నారో అడగకుండా మీ మాట మొదలుపెట్టకండి. ముక్కులో పసరు పిండించుకోవడం, ముంజేతి మీద వాత పెట్టించుకోవడం, మెడలో దండ వేసుకోవడం అన్ని ప్రాంతాల్లోనూ ఉన్నాయి. నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు ఎలాగూ తగ్గుతాయి కాబట్టి పసరు ఇచ్చినవారికి పేరొస్తుంది. ఎగతాళి చేస్తే ఆ మనిషి మళ్ళీ మీ దగ్గరకు రాడు. “ఆ పచ్చదనం వేరు, ఈ వైరస్ వేరు. పసరుతో ఇది పోదు, కొన్ని ఆకు మందులు లివర్‌నే దెబ్బతీస్తాయి” అని మర్యాదగా చెప్పండి. పథ్యం పేరుతో చప్పిడి మెతుకులు మాత్రమే తింటున్న గర్భిణికి పప్పు, గుడ్డు తినమని తప్పకుండా చెప్పాలి. సారా, కల్లు, బ్రాందీ ఏదైనా మానాలి. నొప్పి మాత్రలు డాక్టరును అడక్కుండా మింగకూడదు.

బట్టీలో ఒకేసారి నలుగురైదుగురికి కళ్ళు పచ్చబడితే అది నీళ్ళ రకం అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు చెప్పాల్సింది నీళ్ళు కాచి తాగడం, క్లోరిన్ వేయడం, సబ్బుతో చేతులు కడుక్కోవడం. గర్భిణులను మాత్రం వెంటనే ఆస్పత్రికి పంపండి, హెపటైటిస్ ఇ ఏడో నెల దాటినవారికి ప్రాణాంతకం కావచ్చు.

అర్థమైందా అని అడగకండి

“అర్థమైందా?” అంటే ఎవరైనా “ఆఁ” అనే అంటారు. దానికి బదులు ఇలా అడగండి: “అమ్మా, రాత్రికి మీ అమ్మగారు ఊరి నుంచి ఫోను చేసి ఆస్పత్రిలో ఏమన్నారని అడిగితే ఏం చెబుతారు?”

ఆమె ఇలా అనవచ్చు: “రక్తం చెడిపోయిందన్నారు. పిల్లకు పాలివ్వొద్దన్నారు.” పాలివ్వొద్దని ఎవరూ అనలేదు. రక్తం ద్వారా వస్తుందన్న మాట విని, పాలు కూడా అంతేనని ఆమె తనకు తానే కలుపుకుంది. ఈ ప్రశ్న అడగకపోతే ఆ రాత్రి నుంచే పిల్లకు డబ్బా పాలు మొదలయ్యేవి. తప్పు ఆమెది కాదు, మీ మాట చేరలేదు, అంతే. “నేను సరిగా చెప్పలేదమ్మా, మళ్ళీ చెబుతాను” అని ఆ ఒక్క సంగతీ మళ్ళీ చెప్పి, మళ్ళీ అడగండి.

కాగితం, ఫోను

కరపత్రం తయారుచేయాల్సి వస్తే ఫోనులోని అనువాద యాప్‌తో మొదలుపెట్టవచ్చు, దానితోనే ముగించకూడదు. ఆ భాష మనిషి ఒకరు చదివి దిద్దాలి. తెలుగు ప్రతిని చూడని ఇంకొకరు దాన్ని తిరిగి తెలుగులో చెప్పాలి. “ఆపకూడదు” అన్నది “ఆపవచ్చు”గా మారిందేమో అప్పుడే బయటపడుతుంది. మందు డోసు, తేదీలు, “వద్దు” అన్న మాటలు ప్రత్యేకంగా సరిచూడండి.

చదవడం రానివారికి వాట్సాప్‌లో నిమిషం లోపు మాట రికార్డు చేసి పంపండి. అయితే బట్టీలో ఒక ఫోనును ఐదారుగురు వాడతారు. ముందు అడిగి, వాళ్ళు కోరితే జబ్బు పేరు లేకుండా “రోజూ రాత్రి అన్నం తిన్నాక ఆ మాత్ర ఒకటి” అన్నంత వరకే రికార్డు చేయండి.

ప్రమాద సూచనలు మాత్రం ప్రతి ఒక్కరికీ, ఏ దారిలోనైనా చేరాలి: రక్తం కక్కుకోవడం, మలం తారులా నల్లగా రావడం, పొట్ట ఉబ్బడం, మత్తుగా ఉండి తికమకగా మాట్లాడటం. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయాలి.

ఊరికి వెళ్ళేటప్పుడు

బట్టీ కూలీలు చలికాలం మొదట్లో వచ్చి వానలకు ముందు వెళ్ళిపోతారు. వైద్యం తెగిపోయేది అక్కడే. ఎప్పుడు వెళ్తారో మొదటి రోజే అడిగి రాసుకోండి. జాతీయ కార్యక్రమం అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది కాబట్టి సొంత జిల్లాలో మందు కొనసాగించవచ్చు. అక్కడి జిల్లా ఆస్పత్రికి ముందే ఫోను చేసి ఎవరిని కలవాలో కనుక్కోండి. కనీసం నెలకు సరిపడా మాత్రలు చేతిలో ఉండేలా డాక్టరుతో మాట్లాడండి. రిపోర్టుల నకళ్ళు, మందు పేరు, మొదలుపెట్టిన తేదీ, తర్వాతి పరీక్ష తేదీ ఇంగ్లిషులో రాసిన చీటీ, ఖాళీ మందు డబ్బా ఒకటి, అన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వండి. ఆ డబ్బా చూపిస్తే ఏ మందుల షాపువారికైనా మందు పేరు తెలుస్తుంది. రైలెక్కిన పది రోజులకు ఒకసారి ఫోను చేసి, మాత్రలు ఇంకా ఎన్ని మిగిలాయో అడగండి.